బెదురు గుర్రానికి రోడ్డు శిక్షణ: నర్సి దగ్గరి గుర్రాల షెడ్డు డబ్బుకు తగ్గదేనా?

ముందే చెప్తున్నా, ఇది రైడింగ్ స్కూల్ రివ్యూ కాదు. పిల్లలను గుర్రం ఎక్కించి ఫొటో దిగాలనుకునేవాళ్ళకు ఈ చోటు పనికిరాదు, అక్కడ ఫొటోకు నిలబడే గుర్రం ఒక్కటీ లేదు. సొంత గుర్రం ఉండి, అది చేల గట్ల మీద బుద్ధిగా నడిచి, తారు రోడ్డు ఎక్కగానే లారీ హారన్‌కో గాలికి లేచిన పాలిథిన్ కవర్‌కో పక్కకు దూకుతుంటే ఏం చేయాలో తోచనివాళ్ళ కోసం రాస్తున్నాను. మన నాందేడ్ జిల్లాలో బిలోలీ, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు అలాంటివాళ్ళు తక్కువేం కాదు. ఏటా మాలెగావ్ ఖండోబా జాతర అయ్యాక మోజుపడి గుర్రం తోలుకొచ్చేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఒకరిద్దరైనా ఉంటారు. సంక్రాంతి లోపే అది దొడ్లో కట్టేసి ఉంటుంది, ఎందుకంటే ఇంటి నుంచి ఎటు పోవాలన్నా మధ్యలో రోడ్డు ఉంది, రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు ఉన్నాయి.

చోటు ఎక్కడంటే, నర్సి చౌరస్తా దాటి 161 నంబరు హైవే మీద దెగ్లూర్ వైపు కొంచెం దూరం పోయాక ఒక మట్టి బాట దిగుతుంది. బోర్డు లేదు. రేకుల షెడ్డు, ముందు వేపచెట్లు, కంచెకు ఆరేసిన జీను గుడ్డలు, అవే గుర్తు. నడిపేది అందరూ చాచా అని పిలిచే పెద్దాయన, ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు. చాచా దక్కనీ మాట్లాడతాడు, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. కుర్రాళ్ళలో ఒకడిది కుండల్‌వాడీ, తెలుగు మనలాగే మాట్లాడతాడు కాబట్టి హిందీ, మరాఠీ సరిగా రాని పెద్దవాళ్ళు వాడిని అడిగితే అన్నీ విడమరిచి చెప్తాడు. గుర్రాన్ని అక్కడే వదిలేస్తే నెలకు 9,000, దాణా మనదే. రోజూ మనమే తీసుకెళ్ళి తెచ్చుకుంటే అందులో సగానికి కొంచెం ఎక్కువ. ఈ రేటు చెప్పగానే మా నాన్న గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడానికి తొమ్మిది వేలా అన్నాడు. మా గుర్రం బిజిలీ గుడ్డిది కాదు, కాని పళ్ళ దగ్గరి నుంచే మొదలుపెట్టారు, అది వేరే సంగతి.

మొదటి వారం రోడ్డు ఊసే ఎత్తరు. డబ్బు కట్టి ఇదేంటి అనిపిస్తుంది, ఓపిక పట్టండి. చాచా ముందు నోరు చూస్తాడు. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఖాళీ ఉంటుంది కదా, కళ్ళెం కూర్చునే చోటు, అక్కడ బొటనవేలు పెట్టి నోరు తెరిపించి పెదవుల మూలలు చూపించాడు. పాత పుండ్లు మానిన మచ్చలు. దాన్ని అమ్మినవాడు కళ్ళెంతో సహా అమ్మాడు, ఆ కళ్ళెం కాంటేదార్ లగాం, అంటే నోట్లో ఉండే ఇనుప కడ్డీకి ముళ్ళు. బరువులు లాగే, మోసే జంతువుల మీద 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ముళ్ళున్న కళ్ళెం వాడటం నేరం. అయినా జాతరలో బాహాటంగానే దొరుకుతుంది. చాచా చట్టం సంగతి ఎత్తలేదు. లారీ వచ్చినప్పుడల్లా భయంతో మనం పగ్గం బిగిస్తాం, బిగించినప్పుడల్లా దాని నాలుకలో ముల్లు దిగుతుంది, ఇక లారీ అంటే నొప్పి అని దాని బుర్రలో ముడి పడిపోతుంది, ఆ ముడి విప్పకుండా నేనేం నేర్పినా దండగే అన్నాడు. నడుమ కీలు ఉన్న నున్నటి కళ్ళెం తెచ్చేదాకా జీను కూడా వేయనివ్వలేదు. అది నాందేడ్‌లో కొనుక్కున్నాను, వీళ్ళ దగ్గర అమ్మరు, వాళ్ళే నాలుగు ఉంచుకుని అమ్మితే నాకో చక్కర్ తప్పేది.

తర్వాత వీపు. వెన్నెముకకు రెండు పక్కలా జీను కూర్చునే చోట వేళ్ళతో నొక్కుకుంటూ పోయాడు, ఒకచోట బిజిలీ నడుము కిందికి జారింది, తోక విసిరింది. జీను కింద గుడ్డ మడత పడుతున్న చోటు అదే. నొప్పితో ఉన్న గుర్రం దేనికైనా సగం ముందే సిద్ధంగా ఉంటుంది, చిన్న చప్పుడు చాలు. లాడాలు కూడా అంతే. అరిగి నున్నబడ్డ లాడంతో తారు మీద, ఇంకా అధ్వానంగా ఈ కొత్త సిమెంటు రోడ్ల మీద గిట్ట జారుతుంది, ఒకసారి జారిన గుర్రానికి ఆ రోడ్డు మీదే అనుమానం పుడుతుంది. ఆరు వారాలు, మరీ అయితే ఎనిమిది వారాలకోసారి లాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలవాల్సిందే, గిట్ట పెరుగుతూనే ఉంటుంది కాబట్టి లాడం అరగకపోయినా తీసి, గిట్ట కోసి, మళ్ళీ కొట్టాలి. దాణా అడిగాడు. రోజూ నానబెట్టిన శనగలు అని చెప్తే, పని ఎంత అని అడిగాడు. పని లేని గుర్రానికి శనగలు పెట్టి పెట్టి రోడ్డెక్కిస్తే అది మరేం చేస్తుంది? శనగలు తగ్గించి జొన్న చొప్ప, గడ్డి పెంచమన్నాడు. ఒక్క ఈ మార్పుకే బిజిలీలో తేడా కనిపించింది, నిజం చెప్పాలంటే ఈ మాట ఎవరైనా పశువుల డాక్టరు కూడా చెప్పగలిగేదే.

అసలు పని ట్రాక్టర్‌తో మొదలవుతుంది, నేను డబ్బు కట్టింది దీనికే అనుకుంటాను. షెడ్డు వెనక ఎకరం దాకా ఖాళీ నేల ఉంది, అందులో ఒక పాత ట్రాక్టర్. తొలిరోజు దాన్ని స్టార్ట్ చేయలేదు, మడ్‌గార్డ్ మీద రెండు గుప్పెళ్ళ దాణా పోసి గుర్రాన్ని పొడుగు తాడుతో వదిలారు. అది ముందు దూరం నుంచి బుసకొట్టింది, మెడ నిక్కించింది, ఎంతసేపటికో వచ్చి తింది. ఆ తర్వాత స్టార్ట్ చేసి, గుర్రం వైపు తేకుండా దూరంగా తోలుకుపోయారు. కుర్రాడు గుర్రాన్ని పట్టుకుని దాని వెనకే నడిచాడు. ట్రాక్టర్ పోతోంది, గుర్రం వెంటపడుతోంది. తన ముందు నుంచి పారిపోతున్నదాన్ని చూసి ఏ జంతువు భయపడుతుంది చెప్పండి? మనమంతా చేసేది తలకిందులు, గుర్రాన్ని రోడ్డు పక్కన నిలబెట్టి బండ్లను దాని మీదికి రానిస్తాం. ఇక్కడ మొదట వెంబడించడం, తర్వాత పక్కన నడవడం, చివరికే ఎదురురావడం.

ఇందులో నేను దగ్గరుండి చూసి నేర్చుకున్నది ట్రాక్టర్ ఎప్పుడు ఆగాలి అన్నది. బిజిలీ పక్కన నడుస్తోంది, ఎడమ చెవి ట్రాక్టర్ వైపు, కుడి చెవి కుర్రాడి వైపు. ఉన్నట్టుండి రెండు చెవులూ ట్రాక్టర్ వైపే తిరిగి బిగుసుకున్నాయి, ముక్కుపుటాలు పెద్దవయ్యాయి, కంటి అంచున తెలుపు కనిపించింది, అడుగులు పొట్టిబడ్డాయి. నేనైతే అక్కడే ట్రాక్టర్ ఆపమని అరిచేవాణ్ణి. చాచా ఆపనివ్వలేదు, వేగం పెంచనూ లేదు, గుర్రాన్ని మాత్రం పది అడుగులు పక్కకు తీయించాడు. ఆ దూరంలో అలాగే నడిపించగా నడిపించగా తల కాస్త కిందికి దిగింది, ఊపిరి గట్టిగా వదిలింది, నోరు నమిలింది. అప్పుడు చెయ్యెత్తాడు, ఇంజను ఆగింది. ఎగిరినప్పుడు చప్పుడు ఆగితే ఎగిరితే చప్పుడు పోతుందని నేర్చుకుంటుంది, నెమ్మదించినప్పుడు ఆగితే నెమ్మదిస్తే పోతుందని నేర్చుకుంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఇంటి దగ్గర మనమూ చేసుకోవచ్చు. ఒక మనిషి ట్రాక్టర్ మీద, ఒక మనిషి తాడు దగ్గర ఉండాలి, ఇద్దరికీ తొందర ఉండకూడదు. ఆ మూడోది దొరకకే డబ్బు కడతాం.

కొందరు గుర్రాన్ని హైవే పక్కన గుంజకు కట్టేసి పొద్దంతా వదిలేస్తారు, చూసి చూసి అదే అలవాటు పడుతుందని. సాయంత్రానికి అది కదలకుండా నిలబడుతుంది నిజమే, అలవాటు పడి కాదు, తప్పించుకునే దారి లేక. అలాంటి గుర్రం మీద ఎక్కి రోడ్డు మీదికి పోవడమంటే మీ ఇష్టం.

ట్రాక్టర్ తర్వాత చప్పుళ్ళు. లారీ ఎయిర్ బ్రేకు వదిలినప్పుడు వచ్చే టుస్సుమనే చప్పుడుకు ఎక్కువ గుర్రాలు అదురుతాయి. దానికోసం పంక్చర్ షాపులో వాడే చిన్న కంప్రెసర్ ఒకటి పెట్టుకున్నారు, షెడ్డు అవతల నుంచి మొదలుపెట్టి గాలి వదులుతూ రోజురోజుకూ దగ్గరికి తెస్తారు. యూరియా సంచిని కర్రకు కట్టి ఆడిస్తారు, దాన్ని కూడా మొదట గుర్రం నుంచి దూరంగా ఈడ్చుకుపోవడమే. ఇవన్నీ చూడటానికి పిల్లల ఆటలా ఉంటాయి గానీ గుర్రం కళ్ళూ చెవులూ మనవాటిలాంటివి కావని తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ చూస్తుంది, కనపడనిది సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు మాత్రమే. వెనక నుంచి ఓవర్‌టేక్ చేసే బైకు ఆ గుడ్డి జాగాలోంచి ఒక్కసారిగా కంటి మూలలోకి ఊడిపడుతుంది. మన చెవికి అందని సన్నటి చప్పుళ్ళు కూడా దానికి వినిపిస్తాయి. ఎర్రరంగు చూసి బెదిరింది అంటుంటారు, అది ఉత్తమాట, గుర్రానికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు సరిగా తెలియదు. అది బెదిరేది రెపరెపలాడే కదలికకు. వెలుతురు నుంచి నీడలోకి పోయినప్పుడు దాని కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ టైం పడుతుంది, అందుకే ఎర్రటి ఎండలో బ్రిడ్జి కింద నల్లటి నీడ చూసి గొయ్యి చూసినట్టు ఆగిపోతుంది. అక్కడ కొట్టి లాభం లేదు, నిలబడనిచ్చి, తల దించి వాసన చూడనిచ్చి దాటించాలి. రోడ్డు మీది నీళ్ళ మడుగుకైనా ఇదే పద్ధతి.

ఇక రోడ్డు. ఇక్కడే ఈ షెడ్డుకూ వేరేవాళ్ళకూ తేడా ఉంది. భయం మొత్తం తీసేస్తాం అని వీళ్ళు చెప్పరు. నాందేడ్‌లో సిక్కుల హోలా మొహల్లా పండుగ రోజు నిహంగ్ సిక్కుల గుర్రాలు అంత జనంలో, ఆ జైకారాల మధ్య పరుగెత్తడం మనం చూసిందే, అయినా వాటికి కూడా ఎప్పుడో ఏదో ఒకటి కొత్తగా కనిపిస్తుంది అంటాడు చాచా. బెదిరినప్పుడు అది ఎటు పోవాలి అన్నదే ఆయన నేర్పేది. మనం గుర్రం తల చూస్తాం, ఆయన పిర్రలు చూడమంటాడు. రోడ్డుకు ఎడమ అంచున పోతున్నాం అనుకోండి, ఎడమపక్క చేలో ఎవరో మందు కొట్టే పంపు స్టార్ట్ చేశారు. గుర్రం తల అటు తిప్పి చూస్తుంది, తల ఎడమకు పోతే వెనక భాగం కుడికి, అంటే రోడ్డు మధ్యకు, సరిగ్గా వెనక వచ్చే లారీ ముందుకు వస్తుంది. చూడు చూడు ఏం లేదు అని మనమే దాని తలను పంపు వైపు తిప్పితే ఆ పని ఇంకా సులువు చేసినట్టు. తలను కొద్దిగా, కుడి కంటి మూల కనిపించేంత మాత్రమే కుడికి వంచి, కుడి కాలు జీను పట్టీకి కాస్త వెనక ఆనించి ఉంచాలి. అప్పుడు అది ఎగరాలన్నా చేను వైపే ఎగురుతుంది, రోడ్డు మీదికి కాదు. వినడానికి తేలిక, కాలికి రావడానికి చాలా రోజులు పట్టింది. షెడ్డు వెనక నేల మీద సున్నం గీత గీసి దాన్ని రోడ్డు అనుకుని ఇదే పదే పదే చేయిస్తారు, విసుగొస్తుంది.

మొదట్లో రోడ్డు మీదికి ఒంటరిగా పంపరు. వాళ్ళ దగ్గర ఖస్సీ చేసిన, అంటే విత్తులు తీయించిన ముసలి గుర్రం ఒకటుంది, దాని పక్క నుంచి మిలటరీ కాన్వాయ్ పోయినా చెవి కదపదు. కొత్త గుర్రాన్ని ఎడమకు, చేను వైపు పెట్టి ముసలిదాన్ని కుడికి, బండ్ల వైపు పెడతారు. బండి వచ్చిన ప్రతిసారీ కొత్తది ముందు పక్కదాని వైపు చూసేది, అది పట్టించుకోకపోతే తనూ వదిలేసేది. కొన్నాళ్ళకు ముసలిదాన్ని ముందు నడిపించారు, తర్వాత వెనక, చివరికి లేకుండా. వెనక నుంచి పెద్ద బండి వస్తున్నప్పుడు ఒక్కోసారి గుర్రం నిలవదు, దానికి కూడా పద్ధతి ఉంది. చేలోకి దిగే బాట ఏదైనా కనిపిస్తే అందులోకి తిప్పి, ముఖం రోడ్డు వైపు పెట్టి నిలబడాలి. వచ్చేదాన్ని చూడగలిగితే సగం భయం తగ్గుతుంది, వెనక్కి గెంతినా చేలోకే పోతుంది. తారు మీద మాత్రం ఒక పక్క పగ్గం లాగి గిర్రున తిప్పే పని చేయొద్దు, జారి ఇద్దరూ పడతారు.

దిగాలనుకుంటే ముందే దిగాలి, చెవులు బిగుసుకున్నప్పుడే. గుర్రం ఎగరడం మొదలయ్యాక దిగబోతే ఒక కాలు రికాబులో, అంటే జీనుకు వేలాడే కాలి కడియంలో ఉండిపోతుంది. దిగాక రికాబులు పైకి మడిచి పెట్టి, మనం రోడ్డుకు ఎడమ అంచునే నడవాలి, గుర్రం మనకు ఎడమవైపు, అంటే బండ్లకూ దానికీ మధ్య మనం. దీంట్లో ఒక చిక్కు ఉంది. మనకు అలవాటు గుర్రం ఎడమ పక్కన నడిచి పట్టుకోవడం, కుడి పక్కన నడిచే మనిషిని చాలా గుర్రాలు చూడనే చూడలేదు, రోడ్డు మీద మొదటిసారి అటు పక్కకు పోతే అదొక కొత్త బెదురు. అందుకని ఇంటి దగ్గర, పొలంలో కుడి పక్క నుంచి నడిపించడం ముందే అలవాటు చేయిస్తారు. ‘అన్నా, పగ్గం చేతికి చుట్టుకోకు, మడత పెట్టి పట్టుకో’ అని ఆ కుండల్‌వాడీ పిల్లాడు ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. 350, 400 కిలోల జంతువు పరుగందుకుంటే చుట్టుకున్న చెయ్యి దాంతోనే పోతుంది.

డ్రైవర్ల సంగతి కూడా నేర్పుతారు, ఇది నేను అనుకోలేదు. చెయ్యి చాపి అరచేతిని మెల్లగా పైకీ కిందికీ ఊపితే నెమ్మదించమని, అరచెయ్యి నిలువుగా చూపితే ఆగమని. ఆగినవాడికి చెయ్యెత్తి సలాం కొట్టమంటారు, వాడే రేపు మళ్ళీ ఎదురొస్తాడు. మోటారు వాహనాల చట్టం 1988లో 132వ సెక్షన్ చదివితే, జంతువు బెదిరి అదుపు తప్పుతుందని దాని మనిషి ఆపమంటే బండి ఆపి నిలబడాలి అని స్పష్టంగా ఉంది. ఈ మాట చాచాకు తెలియదు, నేను చూపిస్తే నవ్వి, చెరుకు ట్రాక్టర్ వాడికి చూపించు అన్నాడు. బ్రిటన్‌లో అయితే 2022 నుంచి గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 16 కిలోమీటర్లకు మించకుండా, కనీసం 2 మీటర్లు వదిలి పోవాలని వాళ్ళ హైవే కోడ్‌లో రాసిపెట్టారు. మన దగ్గర రెండు ట్రాలీల చెరుకు, బాక్సుల్లో పాటలు, డ్రైవరు పక్కన ఇద్దరు, వాడు చెయ్యి చూస్తే అదే పదివేలు. అందుకే చాచా సలహా తేలిక, చక్కెర కార్ఖానాలు నడిచే నెలల్లో తెల్లవారాక, లోడు ట్రాక్టర్లు వరస కట్టకముందే పోయి రావాలి, చీకట్లో అసలు వద్దు. 60 స్పీడ్‌లో వచ్చే కారు సెకనుకు 16 మీటర్ల పైనే వస్తుంది, మీరు కనిపించాక వాడికి మిగిలే టైం ఎంతో లెక్కేసుకోండి. మెరిసే జాకెట్టు వేసుకోండి, రోడ్డు పనివాళ్ళు వేసుకునేదే చాలు.

ఇప్పుడు ఫిర్యాదులు. అన్నిటికంటే పెద్దది, వాళ్ళెవరూ హెల్మెట్ పెట్టుకోరు, మనల్ని పెట్టుకోమనీ చెప్పరు. గుర్రం విషయంలో అంత జాగ్రత్త ఉన్న మనిషి తన తలకు తువాలు చుట్టుకుని వస్తాడు. కుర్రాళ్ళు చెప్పులతోనే రికాబులో కాలు పెడతారు, చెప్పు రికాబులోంచి అవతలికి జారి కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది, ఇది వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. అడిగితే అలవాటైపోయింది అంటారు. మీరు మాత్రం మడమ ఉన్న బూట్లు వేసుకుని, రైడింగ్ హెల్మెట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వెళ్ళండి. బైకు హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి ఒకణ్ణి చూశాను, అది చెవులు మూసేస్తుంది, వెనక బండి వినపడదు.

రెండోది, ఫోన్ ఎత్తరు. పొద్దున్నే పోతే దొరుకుతారు, లేదంటే లేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో చాచా తన గుర్రాలను బరాత్‌లకు పంపుతాడు, ఆ రోజుల్లో కుర్రాళ్ళిద్దరూ ఉండరు, మన గుర్రం షెడ్డులో ఊరికే నిలబడుతుంది, ఫీజు మాత్రం తగ్గదు. దీని మీద నాకు కోపమే వచ్చింది, చెప్పాను కూడా, వచ్చే నెలలో సర్దుదాం అన్నాడు, సగమే సర్దాడు. వానాకాలంలో ఆ మట్టి బాటలో గుర్రం కాదు కదా మనిషే నడవలేడు, జూలై నుంచి సెప్టెంబరు దాకా మర్చిపోండి. గుర్రాన్ని వదిలేసి నెల తర్వాత వచ్చి తోలుకుపోతానంటే తీసుకుంటారు గాని, నా మాట వినండి, అలా చేయొద్దు. ఆ కుడి కాలి పని, పగ్గం వదలడం, ఎప్పుడు దిగాలో పసిగట్టడం అన్నీ మన శరీరానికి రావాలి. మా పక్కూరి మనిషి ఒకాయన అలాగే వదిలేసి తీసుకుపోయాడు, చాచా కింద బుద్ధిగా నడిచిన గుర్రం ఆయన కింద మొదటి లారీకే పాత పాట అందుకుంది.

డీజేకు, బాణాసంచాకు అలవాటు చేయమని చాలామంది వెళ్తారు, బరాత్‌లో తిప్పి సంపాదించవచ్చని. దానికి వీళ్ళు అంత మంచివాళ్ళు కారు అంటాను. స్పీకర్ పెట్టి వినిపిస్తారు, అంతే, ట్రాక్టర్ మీద పెట్టిన ఓపికలో పావు వంతు కూడా పెట్టరు. ఆ పని కోసమైతే నేను సిఫార్సు చేయను. అలాగే తన్నే గుర్రం, కరిచే గుర్రం, మనిషి దగ్గరికే రానివ్వని గుర్రం ఉంటే అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం. రెండేళ్ళు కూడా నిండని పిల్ల గుర్రాలను చాచా తనే వెనక్కి పంపేస్తాడు, అది నాకు నచ్చింది.

బిజిలీ ఇప్పుడెలా ఉంది అంటే, మా ఊరి నుంచి హైవే దాకా, అక్కడి నుంచి పెట్రోల్ బంకు దాకా ఒంటరిగా పోయి వస్తుంది. లారీలకు చెవి తిప్పి వదిలేస్తుంది. జేసీబీ అంటే ఇంకా పడదు, దాని బకెట్ పైకి లేస్తే ఆగి వణుకుతుంది, కాని వణికేటప్పుడు పిర్రలు చేను వైపే ఉంటాయి. కొత్త సైలెన్సర్ పెట్టుకున్న బుల్లెట్ బండ్లకు నేనే బెదురుతాను, దాన్నేం అంటాం.

ఐదుకు మూడున్నర ఇస్తాను. హెల్మెట్లు పెట్టి, పెళ్ళి రోజుల ఫీజు తగ్గిస్తే నాలుగున్నర. వెళ్ళాలనుకునేవాళ్ళు దసరా దాటగానే మాట్లాడుకోండి, మాలెగావ్ జాతర అయ్యాక కొత్త గుర్రాలన్నీ ఒకేసారి వచ్చిపడతాయి, అప్పుడు జాగా దొరకదు. పొడుగు తాడు, నున్నటి కళ్ళెం మీవే తీసుకెళ్ళండి, మంచినీళ్ళ బాటిల్ కూడా.